తెనార్ నుంచి తెనాలి దాకా

2024 ఆగస్టు నెలాఖరు వానలకు మా మేడ మీద కుండీలన్నీ చిన్న చిన్న చెరువులైపోయాయి. వాటిలో సగం పాత పెయింటు డబ్బాలే. అడుగున చిల్లులు పెట్టాలన్న ఆలోచన ఎప్పటికప్పుడు వాయిదా పడుతూ వచ్చింది. మూడో రోజుకి టమాటా మొక్కలు తలలు వాల్చేశాయి. నీళ్లలో నిలబడి నీళ్లు లేనట్టు వాడిపోవడం ఏమిటో అర్థం కాలేదు. మట్టి పెళ్లగించి చూస్తే మురుగు కాలువ వాసన.

పక్క డాబా మీద నుంచి ఒక పెద్దాయన సలహా ఇచ్చారు. ‘‘హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయండి. వేళ్లకి ఊపిరొస్తుంది.’’

మందుల షాపులో కుర్రాడు సీసా చేతికిస్తూ అడిగాడు, ‘‘ఎవరికి తగిలిందండీ దెబ్బ?’’

‘‘టమాటాకి,’’ అన్నాను.

పోయగానే మట్టి బుసబుసా పొంగింది. తెల్లటి నురగ, సన్నటి చిటపట. ఏదో గొప్ప పని జరిగిపోతోందని నమ్మకం కుదిరింది. ఆ ఊపులో రెండు డబ్బాలకి నీళ్లు కలపకుండానే పోశాను, ఆకుల మీద కూడా పడింది. మర్నాటికి ఆ రెండు మొక్కల ఆకుల అంచులు బ్లీచింగ్ పౌడర్ చల్లినట్టు తెల్లగా పాలిపోయాయి. మిగతావి ఒకటి రెండు బతికాయి, ఒకటి రెండు పోయాయి. ఏది మందు వల్ల బతికిందో, ఏది ఎండ రావడం వల్ల బతికిందో చెప్పలేను. ఆ చెప్పలేకపోవడమే నన్ను ఈ సీసా వెనక కథలోకి దింపింది.

తీరా చూస్తే దాన్ని కనిపెట్టినాయన పేరు తెనార్, ఊరు పారిస్. ఆంధ్రా పారిస్ అని చెప్పుకునే తెనాలిలో ఇన్నేళ్లు బతికి ఈ సంగతి తెలియకపోవడం నాకే చిన్నతనంగా అనిపించింది.

లూయీ జాక్ తెనార్ 1777లో ఫ్రాన్స్‌లో ఒక పల్లెటూరి రైతు ఇంట పుట్టాడు. చదువు కోసం పారిస్ చేరి, వోకెలాఁ అనే రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాలలో సీసాలు కడిగే పనికి కుదిరాడు. కడుగుతూ చూసి నేర్చుకున్నవాడు 1804 నాటికి ఆ గురువు ఆచార్య పీఠంలోనే కూర్చున్నాడు. పింగాణీ మీద వేసే కోబాల్ట్ నీలం ఆయన చలవే. ఈఫిల్ టవర్ మీద చెక్కిన 72 పేర్లలో ఆయనదీ ఒకటి.

1818లో ఆయన చేతిలో ఉన్నది బేరియం పెరాక్సైడ్ అనే పొడి. మామూలు బేరియం ఆక్సైడ్‌ను ఆక్సిజన్‌లో వేడి చేస్తే కొంత ఆక్సిజన్‌ను అదనంగా పట్టేసుకుంటుంది, అదే ఈ పొడి. దీన్ని చల్లటి ఆమ్లంలో కరిగిస్తే ఆ అదనపు ఆక్సిజన్ బుడగలుగా పోవాలి. పోలేదు. మరి ఎక్కడికి వెళ్లింది? ఆమ్లమే మింగేసి ఉంటుందని తెనార్ అనుకున్నాడు. ఆక్సిజన్ నింపుకున్న కొత్త రకం ఆమ్లాలు దొరికాయని ప్రకటించాడు కూడా. తర్వాత ఆ ద్రవంలోంచి ఆమ్లాన్ని పూర్తిగా తీసేసి చూస్తే, ఆక్సిజన్ ఇంకా అక్కడే ఉంది. మిగిలింది నీళ్లే కాబట్టి, మింగింది నీళ్లే. అందుకే ‘ఆక్సిజన్ పట్టిన నీరు’ అని పేరు పెట్టాడు. ఫ్రెంచివాళ్లు ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు. సొంత పొరపాటును సొంతంగా దిద్దుకుంటే దొరికిన పదార్థం ఇది.

ఐసు మీద పెట్టి, గాలి తీసేసిన గిన్నెలో చిక్కబరిస్తే అది పాకంలా తయారైంది. నీటికి దాదాపు ఒకటిన్నర రెట్ల బరువు. చర్మానికి తగిలితే తెల్లగా మచ్చ కట్టి చురుక్కుమంటుంది. వెండి పొడి, మాంగనీసు ఆక్సైడ్ చిటికెడు వేస్తే చాలు, భగ్గున పొంగి ఆక్సిజన్ వదిలేస్తుంది, ఆ పొడి మాత్రం అలాగే ఉంటుంది. రక్తంలోంచి తీసిన నారలాంటి ఫైబ్రిన్ వేసినా అదే తంతు. తాను మారకుండా ఎదుటివాణ్ని మార్చే ఈ గుణానికి 1830ల్లో బెర్జీలియస్ ‘కెటాలిసిస్’ అని పేరు పెట్టినప్పుడు, ఆయన ఎదుట ఉన్న ఉదాహరణల్లో తెనార్ నీళ్లు ఒకటి.

నా పెయింటు డబ్బాలో నురగకు కారణం కూడా ఇదే కుటుంబం. 1901లో ఆస్కార్ లోవ్ అనే జర్మన్ శాస్త్రవేత్త అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేస్తూ పెరాక్సైడ్‌ను విరగ్గొట్టే ఎంజైముకు ‘కాటలేజ్’ అని పేరు పెట్టాడు. ఆయన పరిశీలించింది ఏ ఆకునో తెలుసా? పొగాకు. గుంటూరు సీమ వాళ్లకు ఇంతకంటే పరిచయమైన ఆకు ఉంటుందా! ఊపిరి పీల్చే ప్రాణుల్లో దాదాపు అన్నిటిలోనూ కాటలేజ్ ఉంటుంది: మన రక్తంలో, మొక్క వేళ్లలో, మట్టిలోని సూక్ష్మజీవుల్లో. నమ్మకం లేకపోతే వంటింట్లో కోసిన బంగాళాదుంప ముక్క మీద నాలుగు చుక్కలు వేసి చూడండి. కాబట్టి ఆ నురగ చూసి రోగం చస్తోందని సంబరపడటానికి లేదు. మట్టిలో ప్రాణం ఉందని మాత్రం అది చెబుతుంది. ఎంత బతికున్న మట్టి అయితే అంత నురగ, అంత త్వరగా మందు ఖర్చు.

మొక్కకు ఈ పదార్థం పరాయిదేమీ కాదు. ఎండలో ఆకు పనిచేస్తుంటే కణాల్లో ఇది పుడుతూనే ఉంటుంది, కాటలేజ్ విరిచేస్తూనే ఉంటుంది. బూజు ఏదైనా లోపలికి దూరబోతే ఆ చోట మొక్కే దీన్ని ఉన్నపళాన గుమ్మరిస్తుంది. వాన నీటిలోనూ ఉంటుందని 1860ల్లోనే జర్మన్ శాస్త్రవేత్తలు పట్టుకున్నారు. వాన పడితే మొక్కలు కళకళలాడేది ఇందుకేనని కొందరు తోటమాలులు గట్టిగా చెబుతారు. లెక్క వేస్తే మాత్రం అంత బలంగా నిలబడదు. లీటరు వానలో ఉండేది మిల్లీగ్రాము అటూ ఇటూ. మందుల షాపు సీసా మూత నిండా తీసుకుంటే చాలు, అందులో ఒక పెద్ద డ్రమ్ముడు వాన నీటిలో ఉన్నంత ఉంటుంది.

సీసా మాట వచ్చింది కాబట్టి ఒక వివరం. దాని మీద ‘20 వాల్యూమ్’ అని రాసి ఉంటుంది. బ్యూటీ పార్లర్లో జుట్టుకు రంగు వేసే డబ్బా మీదా అదే మాట కనిపిస్తుంది. ఒక మిల్లీలీటరు ద్రవం పూర్తిగా విరిగితే 20 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వస్తుందని అర్థం. అంటే సుమారు 6 శాతం. 3 శాతం అయితే 10 వాల్యూమ్. వదిలే ఆక్సిజన్‌ను బట్టి బలాన్ని కొలిచే ఈ పాత పద్ధతి మన తోట లెక్కకు భలేగా పనికొస్తుంది. ఆ లెక్క కాసేపట్లో.

మొదట్లో దీని ప్రయాణం మట్టివైపు కాదు. నల్లబడిన పాత చిత్రాల్లో తెల్ల సీసపు రంగును మళ్లీ తెల్లగా చేయడం, తర్వాత గాయాలు కడగడం, గడ్డి టోపీలు తెల్లబరచడం, నల్ల జుట్టును బంగారు రంగులోకి తేవడం. ఖరీదు ఎక్కువ, నిలవ తక్కువ. రెండో ప్రపంచ యుద్ధం నాటికి చిక్కటి పెరాక్సైడ్‌తో జర్మన్లు రాకెట్ విమానం ఎగరేశారు. అదే రోజుల్లో జర్మనీలోనే రీడల్, ఫ్లైడరర్ అనే ఇద్దరు ఆంత్రాక్వినోన్ పద్ధతిని రూపొందించారు. ఒక సేంద్రియ పదార్థానికి హైడ్రోజన్ ఎక్కించి, గాలి తగిలిస్తే పెరాక్సైడ్ దిగుతుంది, ఆ పదార్థం మళ్లీ వాడుకోవడానికి వస్తుంది. ఇవాళ ప్రపంచంలో తయారయ్యే పెరాక్సైడ్ దాదాపు అంతా ఈ దారినే వస్తోంది. మన దేశంలో 1954లో నేషనల్ పెరాక్సైడ్ కంపెనీ పుట్టింది, ఫ్యాక్టరీ బొంబాయి దగ్గర కల్యాణ్‌లో. బట్టల మిల్లులు, కాగితం మిల్లులు ప్రధాన ఖాతాదారులు. మన చేతికి వచ్చే చిన్న సీసా ఆ పెద్ద వ్యాపారపు అంచున రాలిన చుక్క. అది చవక కావడం వల్లే తోటమాలి చేతికి అందింది.

ఇక మట్టిలోకి. నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చిన మలుపు ఇక్కడుంది. పెరాక్సైడ్‌కు మట్టి శాస్త్రంలో దొరికిన మొదటి ముఖ్యమైన ఉద్యోగం కాల్చి పారేసేది. 1922లో వేల్స్‌లో జి.డబ్ల్యూ. రాబిన్సన్ అనే ఆచార్యుడు మట్టిలో ఇసుక ఎంత, ఒండ్రు ఎంత, బంకమన్ను ఎంత అని కొలవడానికి ముందు పెరాక్సైడ్ పోసి మరిగించాలని సూచించాడు. ఎందుకంటే మట్టి రేణువులను అంటిపెట్టుకునే హ్యూమస్‌ను అది కాల్చేస్తుంది. మట్టి ల్యాబుల్లో ఇప్పటికీ ఈ పద్ధతి ఉంది. బాపట్లలో 1945 నుంచి వ్యవసాయ కళాశాల ఉంది కదా, అలాంటి చోట చదువుకున్నవాళ్లను అడగండి, బీకరులో మట్టి పొంగి బల్ల మీదికి పొర్లిన రోజు గుర్తుచేసుకుంటారు. అంటే ఏమిటి? మనం బస్తాల కొద్దీ వర్మీ కంపోస్టు, చివికిన పశువుల ఎరువు తెచ్చి మట్టిలో కలిపేది దేని కోసమో, దాన్నే తినేసే మందు ఇది. ల్యాబులో వాడేంత మోతాదు కుండీలో ఎవరూ పోయరు, నిజమే. కానీ వారం వారం పోసేవాళ్లు ఈ సంగతి ఒక చెవిన వేసుకోవాలి.

దానికి సరిగ్గా ఎదురు ఆలోచన 1949లో వచ్చింది. అమెరికాలో మెల్‌స్టెడ్, కర్ట్జ్, బ్రే అనే ముగ్గురు మట్టి శాస్త్రజ్ఞులు అగ్రానమీ జర్నల్‌లో ఒక వ్యాసం వేశారు. దాని పేరులోనే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను ‘ఆక్సిజన్ ఎరువు’ అన్నారు. నత్రజని, భాస్వరం, పొటాష్ లాగా ఆక్సిజన్‌ను కూడా వేరుకు అందించవలసిన పోషకంగా చూడటం, అదీ ఎరువు అనే మాటతో, కొత్త చూపు. మా పక్క డాబా పెద్దాయన నోట ‘ఊపిరొస్తుంది’ అన్న మాటకు ఆ వ్యాసం తాతలాంటిది. ఆ తర్వాత 2004లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో భట్టరాయ్, ఆయన సహచరులు భూమి లోపలి డ్రిప్పు గొట్టాల నీటిలో గాలిని గానీ పెరాక్సైడ్‌ను గానీ కలిపి పంపి, బరువైన బంకనేలల్లో పత్తి, కూర సోయా, జుకినీ పంటలకు మేలు జరిగిందని చూపించారు. 2009లో చిలీలో అవకాడో చెట్లతో అలాంటి ప్రయత్నమే జరిగింది. జపాన్‌వాళ్లు ఇంకో దారి పట్టారు. వరి విత్తనానికి కాల్షియం పెరాక్సైడ్ పూత పూసి నీళ్ల కింద బురదలోనే నేరుగా విత్తారు. పూత నీటిలో మెల్లగా కరుగుతూ మొలకకు ఆక్సిజన్ ఇస్తుంది.

ఈ ప్రయోగాలన్నిటిలో ఉమ్మడిగా కనిపించే మాట బంకనేల, బురద. తెనాలి చుట్టూ ఉన్నది సరిగ్గా అదే. కాలువల కింద నల్లరేగడి మాగాణి. తడిస్తే ముద్ద, ఎండితే నెర్రె. వరికి ఇది స్వర్గం. ఎందుకంటే వరి తన గాలి గొట్టం తానే వేసుకుంటుంది. ఆకు నుంచి కాండం మీదుగా వేరు కొస దాకా సన్నటి ఖాళీలు, వాటి గుండా పైగాలి కిందికి దిగుతుంది. పీకిన వరి దుబ్బు వేళ్ల మీద తుప్పు రంగు పూత చూసే ఉంటారు. వేరులోంచి కారిన ఆక్సిజన్ తగిలి బురదలోని ఇనుము తుప్పు పట్టిన గుర్తు అది. బాపట్లలో పుట్టి 1986లో విడుదలై దేశమంతా తినే బీపీటీ 5204, మన సాంబ మసూరి, ఈ గొట్టాల పుణ్యాన్నే నీళ్లలో నిలబడుతుంది. కోతకు ముందు అదే మడిలో చల్లే మినుముకు ఆ వైభోగం లేదు. అకాల వాన పడి రెండు రోజులు నీరు నిలిస్తే పచ్చబడిపోతుంది. మిరప, టమాటా, బొప్పాయి, అన్నీ మినుము పక్షమే. దుగ్గిరాల మార్కెట్‌కు పసుపు పంపే రైతులకు దుంపకుళ్లు గురించి నేను చెప్పేదేముంది. పిథియం అనే ఆ తెగులు బీజాలు నీటిలో ఈదుకుంటూ వచ్చి, ఊపిరాడక నీరసించిన దుంపను పట్టుకుంటాయి.

ఇప్పుడు ఆ లెక్క. లీటరు నీటిలో 6 శాతం మందు పది మిల్లీలీటర్లు కలిపాననుకోండి. వచ్చే ఆక్సిజన్ 200 మిల్లీలీటర్లు. వేసవి వేడిలో ఒక లీటరు నీరు తనలో కరిగించుకోగల ఆక్సిజన్ ఏడెనిమిది మిల్లీగ్రాములు, అంటే ఆరు మిల్లీలీటర్ల లోపు. మిగతాదంతా బుడగై పైకి పోవలసిందే. మనం ముచ్చటపడి చూసే నురగ అదే. సరే, అంతా మట్టిలోనే ఉండిపోయిందనుకుందాం. నీరు ఇంకిపోయిన పది లీటర్ల కుండీలో గుల్ల మట్టి ఉంటే సందుల్లో లీటరున్నర దాకా గాలి ఉంటుంది, అందులో ఆక్సిజన్ 300 మిల్లీలీటర్ల పైనే. చిల్లు ఉన్న కుండీకి నీళ్లు పోస్తే నీరు కిందికి జారుతూ వెనకే కొత్త గాలిని లోపలికి లాక్కుంటుంది. అంటే మేకుతో పొడిచిన చిల్లు ప్రతి తడికీ, పైసా ఖర్చు లేకుండా, నా సీసా ఇచ్చినదానికి మించి ఇస్తోంది. వంద మిల్లీలీటర్ల సీసా మొత్తం వంపితే వచ్చేది రెండు లీటర్ల ఆక్సిజన్. మనిషి ఊరికే కూర్చుని ఎనిమిది నిమిషాల్లో వాడేసుకుంటాడు.

క్వీన్స్‌లాండ్ వాళ్లకు ఎందుకు పనిచేసిందంటే వాళ్లు డ్రిప్పులో ప్రతి తడికీ ఇస్తూ పోయారు. మనం పోసేది ఒక్క గుక్క. ముంపు తగ్గిన మొదటి రోజు, మొక్క కొనఊపిరితో ఉన్నప్పుడు ఆ గుక్కకు విలువ ఉండొచ్చు. కొత్త వేరు వేసేదాకా అదే ఆధారమంటే మాత్రం కుదరదు.

బాపట్లలో సూర్యలంక వైపు ఇంటి పెరళ్లలో ఇసుక నేల. అక్కడివాళ్లకు ఈ మందు కొనే పనే లేదు. పోసిన నీరు పోసినట్టే దిగిపోతుంది, గాలికి కొదవ లేదు, కొదవంతా తేమకూ పోషకాలకూ. ఆ ఇసుకలో నాలుగడుగులు తవ్వి మంచినీరు తోడుకునే దొరువులు పాతకాలం నుంచీ ఉన్నాయి. కింద ఉప్పునీరు, దాని మీద తేలే పలుచటి తీపి నీరు. ఆ పై పొరను మాత్రమే నెమ్మదిగా లాగేలా దొరువును మెరుగుపరిచింది బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన పథకమే. అలాంటి మట్టికి కొబ్బరి పీచు, ఆకు ఎరువు కావాలి, వాటిని తినేసే సీసా ఎందుకు?

రేపల్లెలో మా మేనత్తది మూడో రకం కష్టం. అదే 2024 సెప్టెంబరు రెండున ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదిలారు. కృష్ణ కరకట్టల అంచుదాకా వచ్చింది, లంకల్లో అరటి, పసుపు, కంద తోటలు మునిగాయి. అత్తయ్య పెరట్లోనూ రెండు రోజులు నీళ్లు. ఫోనులో నేను పెరాక్సైడ్ గురించి ఉపన్యాసం మొదలుపెడితే మధ్యలోనే ఆపేసింది.

‘‘ఒరే అబ్బాయ్, ఎన్ని సీసాలు పొయ్యాలిరా నా పెరడంతా?’’

ఆ ప్రశ్నకు శాస్త్రజ్ఞుల దగ్గర కూడా మంచి జవాబు లేదు. ఆమె చేసిన పని వేరు. పారతో మొక్కల వరసల మధ్య జానెడు లోతు బోదెలు లాగి నీటిని వీధి కాలువలోకి మళ్లించింది. రెండు రోజులు ఆరనిచ్చి పై మట్టి గుల్ల చేసింది. వేపపిండిలో మాగబెట్టిన ట్రైకోడెర్మా మొదళ్లలో వేసింది. ఆ మీదట నేను చెప్పిన మందు పోసి ఉంటే కష్టపడి వేసిన మంచి బూజును చేజేతులా చంపుకునేది. జీవామృతం పోసేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. పెరాక్సైడ్‌కు మంచివాడూ చెడ్డవాడూ తేడా లేదు.

అలాగని సీసాను పారేయమనను. విత్తే ముందు పాత గింజల పైనున్న బూజు పోవడానికి పలుచటి ద్రావణంలో కొద్ది నిమిషాలు ముంచి కడిగేస్తే పనిచేస్తుంది. నారుకుళ్లు వచ్చిన ట్రేలు, పాత కుండీలు కడగడానికి ఇంతకంటే శుభ్రమైనది లేదు, చివరికి మిగిలేది నీళ్లూ ఆక్సిజనే. డ్రిప్పు గొట్టాల్లో కట్టిన పాచికీ అంతే. కుండీలో పోయాలనుకుంటే 6 శాతం మందు లీటరుకు ఐదు మిల్లీలీటర్లతో మొదలుపెట్టండి, ఒక్కసారి, సాయంత్రం పూట, ఆకుల మీద పడకుండా. ఫ్యాక్టరీల్లో వాడే 35 శాతం సరుకు చవగ్గా వస్తుందని ఎవరైనా డబ్బా తెచ్చిస్తే మాత్రం ఇంట్లోకి రానివ్వకండి. చేయి కాలుతుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు. వెనిగర్‌తోనూ బ్లీచింగ్ పౌడర్‌తోనూ కలపకండి. వెలుతురు తగలని చోట, వచ్చిన సీసాలోనే ఉంచండి, ఇనుప డబ్బాలోకి మార్చారా, తెనార్ వెండి పొడి వేసి చూసిన తమాషా మీ అల్మారాలో జరుగుతుంది.

ఆ శీతాకాలం మా మేడ మీద ఉన్న పెయింటు డబ్బాలన్నిటికీ డ్రిల్లింగ్ మిషన్‌తో అడుగున ఐదేసి చిల్లులు పెట్టించాను. కింద ఇటుక ముక్కలు పెట్టి రెండంగుళాలు ఎత్తు లేపాను. మట్టిలో మూడో వంతు కొబ్బరి పొట్టు. మరుసటి వానాకాలం అత్తయ్య తెనాలి వచ్చినప్పుడు మేడ ఎక్కి, ఒక్కో డబ్బా వంచి అడుగు చూసింది. చిల్లులు లెక్కపెట్టింది.

‘‘మరి ఆ సీసా ఏం చేశావురా?’’

‘‘ట్రేలు కడుగుతున్నా అత్తయ్యా.’’

‘‘నా పాత చీర మీద పసుపు మరక ఉంది, దానికి పోతుందేమో చూడు,’’ అంది.

పోయింది. కొంచెం చీర రంగు కూడా పోయింది.